పెద్ద తలుపుకు ముందు చిన్న తలుపు
ఆవిరి రైలింజను రెగ్యులేటరు మీద ఒక పాఠం



ఈ సంచికకు ఏదైనా రాసి ఇమ్మని అడిగినప్పుడు ముందుగా "చదువు విలువ" అనే విషయం మీద రాద్దామనుకున్నాము. అయితే దాని మీద ప్రతి సంచికలోనూ వ్యాసాలు వస్తూనే ఉంటాయి. అందుకని ఈసారి ఒక పాఠమే చెప్పదలచుకున్నాము. ఎనిమిదో తరగతి లెక్కలు వచ్చిన ప్రతి ఒక్కరికీ అర్థమయ్యే పాఠం ఇది. మాకు మాత్రం ఎం.టెక్.లో చేరిన తరువాత గానీ అర్థం కాలేదు.

మేము ఈ రెడ్డిగూడెం హాస్టలులో ఉండి ఆరు నుంచి పది వరకు చదువుకున్నాము. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి మనిషిమి మేమే. ఇప్పుడు థర్మల్ ఇంజనీరింగులో ఎం.టెక్. రెండో సంవత్సరం చదువుతున్నాము. నిరుడు మౌఖిక పరీక్షలో ఒక సారు ఇలా అడిగారు: "డబ్ల్యూపీ ఆవిరి ఇంజను బాయిలరులో చదరపు అంగుళానికి 210 పౌండ్ల పీడనం ఉంటుంది. సిలిండర్లకు ఆవిరి వదిలే వాల్వు మీద టన్నుల బరువు పడుతుంది. మరి డ్రైవరు దాన్ని చేత్తో ఎలా తెరుస్తాడు?"

మాకు ఎంథాల్పీ చార్టు చూడటం వచ్చు, సమీకరణాలు వచ్చు. ఈ ప్రశ్నకు మాత్రం నోరు పెగల్లేదు. తల దించుకుని బయటకు వచ్చాము.

ఆ ఆదివారం ఇంటికి వెళ్ళినప్పుడు ఈ మాట మా తాతతో అన్నాము. తాత వయసులో ఉన్నప్పుడు కొన్నేళ్ళు విజయవాడ లోకో షెడ్డులో ఫిట్టరు కింద ఖలాసీగా పనిచేశాడు. సంతకం చేయడం తప్ప చదువు రాదు. ఆయన మంచం మీద కూర్చునే నవ్వాడు.

"పెద్దదాని జోలికి ముందే పోకూడదురా అబ్బాయ్. దాని నెత్తిన చిన్నదుంటది. ముందు దాన్ని కదిలిస్తే పైపు నిండుద్ది. నిండినాక పెద్దది దానంతటదే లొంగుద్ది."

మేము పరీక్షలో చెప్పలేకపోయిన జవాబు ఇదే. దీన్ని లెక్కలతో సహా వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1. మన ప్రాంతానికి ఆవిరి రైలు

మన రెడ్డిగూడేనికి రైలు లేదు. మైలవరం మీదుగా కొండపల్లి వెళ్తే పట్టాలు కనిపిస్తాయి. అది కాజీపేట–విజయవాడ మార్గం. నిజాం కాలంలో వాడి నుంచి సికింద్రాబాదుకు 1874లో రైలు వచ్చింది. ఆ మార్గమే పొడిగించుకుంటూ వచ్చి 1889లో బెజవాడను చేరింది. దాదాపు వంద సంవత్సరాలు ఈ దారిలో బొగ్గు, నీళ్ళు, ఆవిరి మీదనే బండ్లు నడిచాయి.

స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే అమెరికాలోని బాల్డ్విన్ కంపెనీ నుంచి మొదటి డబ్ల్యూపీ ఇంజన్లు మన దేశానికి వచ్చాయి. తుపాకీ గుండు మొనలాంటి ముక్కు ఉన్న ప్యాసింజరు ఇంజన్లు ఇవి. 1967 వరకు మొత్తం 755 తయారయ్యాయి. 1995 డిసెంబరుతో బ్రాడ్‌గేజి మీద ఆవిరి ఇంజన్ల రోజువారీ నడక ముగిసింది. నీలగిరి కొండ రైలు వంటి ఒకటి రెండు చోట్ల మాత్రం ఆవిరి ఇంజను ఇప్పటికీ కనిపిస్తుంది.

2. రెగ్యులేటరు అంటే ఏమిటి?

ఇంజనులో ఆవిరి నడిచే దారి ఇది: బాయిలరు – డోము – రెగ్యులేటరు – ఆవిరి పైపు – సూపర్ హీటరు – సిలిండరు – పొగగొట్టం.

బాయిలరు పైన బోర్లించిన గిన్నెలా ఉండేదే డోము. ఆవిరిని డోములో నుంచే ఎందుకు తీసుకుంటారు? నీటిమట్టానికి వీలైనంత ఎత్తున ఉంటే పొడి ఆవిరి దొరుకుతుంది. ఆవిరితో పాటు నీళ్ళు కూడా వెళ్ళాయనుకోండి, ఆవిరిని నొక్కవచ్చు గానీ నీటిని నొక్కలేము. పిస్టను చివరికి వచ్చేసరికి ఆ నీరు ఎటూ పోలేక సిలిండరు మూతనే పగలగొట్టగలదు.

ఆ డోము లోపల ఆవిరి పైపు మూతి దగ్గర ఉండే వాల్వునే రెగ్యులేటరు అంటారు. అమెరికావాళ్ళు థ్రాటిల్ అంటారు. దాని నుంచి ఒక కడ్డీ డ్రైవరు నిలబడే చోటికి వస్తుంది. దానికే రెగ్యులేటరు హ్యాండిలు ఉంటుంది.

ఇది ఎంత పెద్దదిగా ఉండాలి? చిన్నదైతే వేగంగా పోయే బండికి చాలినంత ఆవిరి అందదు. పెద్దదైతే దాని మీద పీడనం ఎక్కువై చేతికి లొంగదు. రెగ్యులేటరు తయారుచేసే ఇంజనీరుకు ఉన్న చిక్కు అంతా ఇదే.

3. లెక్క చేసి చూద్దాము

బలం = పీడనం × వైశాల్యం. ఇది మీ పుస్తకంలో ఉన్న సూత్రమే.

చదరపు అంగుళానికి 210 పౌండ్లు అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 14.8 కేజీలు. లెక్క సులువుగా ఉండటానికి వాల్వు పలక వైశాల్యం 150 చదరపు సెంటీమీటర్లు అనుకుందాము. అంటే మన అరచేతికి కాస్త పెద్దది, అంతే.

వాల్వు మూసి ఉన్నప్పుడు పైన బాయిలరు పీడనం ఉంటుంది. కింద పైపు ఖాళీ. కాబట్టి పలకను అదిమే బలం:

14.8 × 150 = 2,220 కేజీలు

మన హాస్టలుకు వచ్చే 50 కేజీల బియ్యం బస్తాలు 44 తెచ్చి అరచేయంత పలక మీద పేర్చినట్లు! ఈ పలకను ఎత్తనవసరం లేదు, పక్కకు జరిపితే చాలు అనుకుందాము. ఘర్షణ గుణకం 0.15 అనుకుంటే జరపడానికి కావలసిన బలం 333 కేజీలు. హ్యాండిలు, కడ్డీల ఏర్పాటు వల్ల పది రెట్లు లాభం వచ్చినా డ్రైవరు చేతి మీద 33 కేజీలు పడుతుంది.

33 కేజీలు లాగగలం కదా అని మీరు అనవచ్చు. చిక్కు అక్కడే ఉంది. అంత బలం పెట్టి లాగితే, పలక కదిలిన మరుక్షణం కింద పైపులోకి ఆవిరి చేరి పలక మీద బరువు పడిపోతుంది. చేయి మాత్రం అదే బలంతో లాగుతూ ఉంటుంది. హ్యాండిలు ఒక్కసారిగా పూర్తిగా తెరుచుకుంటుంది. చక్రాలు పట్టాల మీద జారుతూ గిర్రున తిరుగుతాయి, పెట్టెల మధ్య కొక్కేలు తెగేంత కుదుపు వస్తుంది. తెరవడం ఒక్కటే చాలదు, కావలసినంతే తెరవగలగాలి.

4. మొదటి ఉపాయం: చిన్న వాల్వు

పెద్ద పలకకు ఒక చిన్న రంధ్రం పెట్టి, దాని మీద ఒక చిన్న పలక అమరుస్తారు. దీన్ని పైలట్ వాల్వు అంటారు. హ్యాండిలు మొదట కొంచెం దూరం కదిలినప్పుడు చిన్న పలక మాత్రమే కదులుతుంది. దాని వైశాల్యం 10 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే:

దాన్ని అదిమే బలం 148 కేజీలు. జరపడానికి 22 కేజీలు. డ్రైవరు చేతి మీద 2.2 కేజీలు.

చిన్న రంధ్రం గుండా ఆవిరి వెళ్ళి పైపును, సూపర్ హీటరును, సిలిండర్లను నింపుతుంది. బండి ఇంకా కదలకుండా ఉన్నందున ఆ ఆవిరి లోపలే నిలిచి పీడనం పెరుగుతుంది. పైపులో 12 కేజీల పీడనం వచ్చిందనుకోండి. ఇప్పుడు పెద్ద పలక మీద తేడా 2.8 మాత్రమే.

2.8 × 150 = 420 కేజీలు. జరపడానికి 63 కేజీలు. చేతి మీద 6.3 కేజీలు.

33 కేజీలు 6 కేజీలైంది. బాయిలరులో పీడనం ఏమాత్రం తగ్గలేదు. తగ్గింది రెండు వైపుల మధ్య తేడా. ఈ పాఠంలో గుర్తుంచుకోవలసిన మాట ఇదొక్కటే: వాల్వును అదిమేది పీడనం కాదు, పీడనాల తేడా.

తాత చెప్పిన "పైపు నిండుద్ది" అనే మాటకు అర్థం ఇదే. చిన్న వాల్వు తీశాక మంచి డ్రైవరు ఒక్క క్షణం ఆగేవాడట. ఆ ఆగడం సోమరితనం కాదు.

5. రెండో ఉపాయం: రెండు పళ్ళేలు

పలకను జరపకుండా పైకి ఎత్తే వాల్వులు కూడా ఉన్నాయి. ఒకే కడ్డీకి రెండు గుండ్రటి పళ్ళేలు బిగిస్తారు. ఆవిరి ఒకదాన్ని పై నుంచి కిందికి, రెండోదాన్ని కింద నుంచి పైకి నెడుతుంది. త్రాసులో రెండు తట్టల మాదిరి ఈ రెండు బలాలూ చాలా వరకు చెల్లిపోతాయి. ఒక పళ్ళెం రెండోదాని రంధ్రం గుండా దూరాలి కాబట్టి రెండింటి సైజులో కొద్ది తేడా ఉంటుంది.

15 సెం.మీ. వ్యాసం ఉన్న ఒకే పళ్ళెం అయితే వైశాల్యం 176.7 చ.సెం.మీ., దాని మీద బలం దాదాపు 2,615 కేజీలు. 15, 14 సెం.మీ. పళ్ళేలు రెండు ఉంటే మిగిలే వైశాల్యం 22.8 చ.సెం.మీ., బలం సుమారు 337 కేజీలు. ఏడో వంతు కూడా లేదు.

ఇంకొక లాభం. ఒక పళ్ళెం పూర్తిగా దారి ఇవ్వాలంటే వ్యాసంలో నాలుగో వంతు లేవాలి. (చుట్టుకొలత × ఎత్తు = రంధ్రం వైశాల్యం అని పెట్టి మీరే సాధించండి.) రెండు పళ్ళేలు ఉంటే రెండు చోట్లా దారి వస్తుంది కనుక అందులో సగం లేస్తే చాలు.

మరి లోపం లేదా? ఉంది. రెండు పళ్ళేలూ ఒకేసారి తమ పీటల మీద సరిగ్గా కూర్చోవాలి. వేడికి కడ్డీ, పెట్టె వేరువేరుగా సాగితే ఒకటి కూర్చుని రెండోది వెంట్రుకవాసి లేచి ఉంటుంది. అక్కడి నుంచి ఆవిరి కారుతుంది.

మూడో ఉపాయం కూడా ఉంది. ఒక పెద్ద వాల్వుకు బదులు వరుసగా చిన్న వాల్వులు పెట్టి, ఒక క్యామ్ షాఫ్టుతో ఒకదాని తరువాత ఒకటి తెరుస్తారు. 20వ శతాబ్దపు అమెరికా ఇంజన్లలో ఇది బాగా వాడుకలోకి వచ్చింది. వీటిని డోములో కాకుండా ఇంజను ముందు భాగంలో, సూపర్ హీటరు తరువాత పెట్టారు. దాని వల్ల లాభం చూడండి. రెగ్యులేటరు డోములో ఉంటే, దాన్ని మూసిన తరువాత కూడా సూపర్ హీటరు గొట్టాల్లో మిగిలిన ఆవిరి సిలిండర్లకు వెళ్తూనే ఉంటుంది. చక్రాలు జారుతున్నప్పుడు ఆ ఆలస్యం ప్రమాదం. ముందు భాగంలో ఉంటే మూసిన వెంటనే ఆవిరి ఆగుతుంది.

6. సగం తెరిస్తే సగం ఆవిరి వెళ్తుందా?

వెళ్ళదు. కొళాయి విషయంలోనూ మీరు ఇది గమనించి ఉంటారు. మొదటి అర తిప్పులోనే చాలా నీళ్ళు వస్తాయి. ఆవిరికి ఇంకో నియమం కూడా ఉంది. పైపులో పరమ పీడనం బాయిలరు పరమ పీడనంలో దాదాపు 55 శాతానికి పడిపోయిన తరువాత, ఇంకా ఎంత పడిపోయినా ఆ రంధ్రం గుండా ఆవిరి ఎక్కువ రాదు. కాబట్టి మొదట్లో రంధ్రం సైజే అంతా నిర్ణయిస్తుంది. అందుకే రంధ్రాన్ని తిన్నగా కోయకుండా మొదట్లో సన్నగా, పోనుపోను వెడల్పుగా ఉండేలా కోస్తే డ్రైవరు చేతికి అదుపు దొరుకుతుంది.

వాల్వును కొద్దిగానే తెరిచి ఆవిరిని ఇరుకులోంచి పంపితే పీడనం ఊరికే పోతుంది, పని జరగదు. ఉదాహరణకు 15 బార్ల పరమ పీడనంలో 198 డిగ్రీల పొడి ఆవిరిని 8 బార్లకు ఇలా తగ్గిస్తే ఎంథాల్పీ మారదు. ఉష్ణోగ్రత సుమారు 180 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. 8 బార్ల సంతృప్త ఆవిరి ఉష్ణోగ్రత 170 డిగ్రీలే. అంటే ఆవిరి ఇంకా పొడిగా మారింది గానీ పిస్టనును తోసే సత్తా మాత్రం తగ్గింది. అందుకే బండి వేగం అందుకున్నాక రెగ్యులేటరు బాగా తెరిచి ఉంచి, సిలిండరులోకి ఆవిరి వెళ్ళే సమయాన్ని తగ్గించడం బొగ్గు ఆదా చేసే పద్ధతి అయింది.

7. ఖలాసీ పని

షెడ్డులో తాత చేసిన పని వాల్వు ముఖం రుద్దడం. పలకకు సన్నగా రంగు పూసి పీట మీద పెట్టి కదుపుతారు. రంగు అంటిన చోటు ఎత్తు, అంటని చోటు పల్లం. ఎత్తును గీకి, ఎమెరీ పేస్టు పెట్టి ముఖమంతా సమంగా రంగు అంటేదాకా రుద్దాలి. పూట పూటంతా ఇదే పని.

"ఇంత రుద్దడం దేనికి తాతా? కొంచెం కారితే ఏమవుద్ది?" అని అడిగాము.

"నిలబెట్టిన ఇంజను అర్ధరాత్రి తనంతట తానే కదులుద్ది. దాని కింద గోతిలో బూడిద లాగేవాడు ఉంటాడు గదరా" అన్నాడు.

లెక్కల పుస్తకంలో ఈ మాట లేదు. కారే వాల్వు గుండా చుక్క చుక్కగా పోయిన ఆవిరి సిలిండరులో చేరి పీడనంగా మారుతుంది. అందుకనే ఇంజనును నిలిపినప్పుడు బ్రేకు వేసి, గేరును మధ్యలో పెట్టి, సిలిండరు కింద ఉండే డ్రెయిన్ కాకులు తెరిచి ఉంచాలన్న నియమం వచ్చింది. మధ్య గేరులో ఇంజను ముందుకూ వెనక్కూ లాగదు. కాకులు తెరిచి ఉంటే కారిన ఆవిరి బయటకు పోతుంది. రెగ్యులేటరు తెరిచి ఉండగా బిగుసుకుపోయినా డ్రైవరుకు దిక్కు గేరు, బ్రేకులే.

8. ఇప్పుడు ఇది ఎందుకు చదవాలి?

విజయవాడ వెళ్ళే బస్సులో ఇబ్రహీంపట్నం దగ్గర కిటికీలోంచి చూస్తే పెద్ద పొగగొట్టాలు కనిపిస్తాయి. అది డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ పవర్ స్టేషన్. అక్కడి మొదటి యూనిట్ 1979లో ప్రారంభమైంది. అక్కడా బొగ్గు, బాయిలరు, ఆవిరే. సిలిండర్ల బదులు టర్బైన్లు ఉంటాయి. ఆవిరి పీడనం వంద కేజీలు దాటి ఉంటుంది.

అటువంటి టర్బైన్ల ముందు స్టాప్ వాల్వులు, గవర్నింగ్ వాల్వులు ఉంటాయి. వాటిని చేత్తో కాదు, నూనె పీడనంతో తెరుస్తారు, బలమైన స్ప్రింగు మూస్తుంది. ఏదైనా తేడా వచ్చి నూనె పీడనం పోతే స్ప్రింగు వాల్వును మూసేస్తుంది. చాలా స్టాప్ వాల్వుల కడుపులో ఇప్పటికీ ఒక చిన్న పైలట్ వాల్వు ఉంటుంది. ముందు అది లేస్తుంది, రెండు వైపులా పీడనం దగ్గరకు వస్తుంది, తరువాత పెద్దది లేస్తుంది. ఆవిరి ఇంజను పోయినా దాని ఉపాయం పోలేదు.

ఇంకొక సంగతి మన వంటగదికి సంబంధించినది. 24 సెం.మీ. వ్యాసం ఉన్న కుక్కరు మూత వైశాల్యం 452 చ.సెం.మీ. లోపల పీడనం బయటి కంటే 1 కేజీ ఎక్కువ ఉంటే మూత మీద బలం 452 కేజీలు, అంటే తొమ్మిది బియ్యం బస్తాలు. లోపలి వైపు నుంచి బిగిసే మూతను ఆ బలమే పట్టి ఉంచుతుంది. పైన బిగిసే మూతను బలవంతంగా తిప్పితే ఆ బలమే ముఖం మీదికి విసురుతుంది. కుక్కరు మూత రాకపోతే గరిటెతో కొట్టి, గుడ్డ పట్టి తిప్పకండి. పొయ్యి ఆపి, ఆవిరంతా పోయేదాకా ఆగండి. తేడా పోతే మూత ఒక వేలికి వస్తుంది.

గుర్తుంచుకోవలసినవి

అ. వాల్వును అదిమేది రెండు వైపుల పీడనాల తేడా.
ఆ. చిన్న వాల్వు ముందు తెరిస్తే తేడా తగ్గి పెద్దది లొంగుతుంది.
ఇ. రెండు పళ్ళేల వాల్వులో బలాలు చెల్లిపోతాయి, కారడం దాని లోపం.
ఈ. మూసి ఉన్న వాల్వు కారదని ఎన్నడూ నమ్మకూడదు.

అభ్యాసం

1. బాయిలరు పీడనం చదరపు సెంటీమీటరుకు 12 కేజీలు, పలక 100 చదరపు సెంటీమీటర్లు అయితే దాన్ని అదిమే బలం ఎంత? పైపులో 9 కేజీలు నిండిన తరువాత ఎంత?
2. నిండిన చెరువు తూము తలుపు ఎత్తడం ఎందుకు కష్టం? చెరువు ఎండినప్పుడు ఎందుకు తేలిక?

చివరిగా ఒక మాట. మేము పదో తరగతి దాకా తెలుగు మాధ్యమం. ఇంజనీరింగులో చేరిన మొదటి నెలల్లో ఇంగ్లీషు పుస్తకం తెరిస్తే 2,220 కేజీల పలకలా ఉండేది. బలవంతాన బట్టీ పట్టబోయి రెండు సబ్జెక్టులు పోగొట్టుకున్నాము. తరువాత ఇంటర్ భౌతికశాస్త్రం తెలుగు పుస్తకం తెచ్చుకుని, అదే పాఠం ముందు తెలుగులో చదివి, ఆ మర్నాడు ఇంగ్లీషులో చదివాము. ఇంగ్లీషు పుస్తకం మారలేదు. తేడా తగ్గింది. మీలో ఎవరికైనా ఆ పలక ఎదురైతే సిగ్గుపడి తల దించుకోకండి. చిన్న తలుపు ఎక్కడుందో వెతకండి.

మళ్ళీ మౌఖిక పరీక్ష వచ్చినప్పుడు ఆ సారు దగ్గరకే వెళ్ళి జవాబు చెప్పాము. ఏ పుస్తకంలో చదివావని అడిగారు. మా తాత చెప్పాడని చెప్పాము.

వచ్చే వార్షికోత్సవానికి వచ్చినప్పుడు పై రెండు ప్రశ్నలకు జవాబులు అడుగుతాము. సిద్ధంగా ఉండండి.